7 ఏళ్ల అప్‌డేట్స్ సరే, ఫోన్ సీల్ ఎన్నాళ్లు ఉంటుంది?

కొత్త ఫోన్ లాంచ్ అయ్యిందంటే చాలు, స్పెక్ షీట్‌లో ఐపీ68, ఈమధ్య ఐపీ69 కూడా పెద్ద అక్షరాల్లో కనిపిస్తున్నాయి. బకెట్ నీళ్లలో ముంచి తీసే రీల్స్‌కైతే లెక్కే లేదు. ఇంకోపక్క పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 దగ్గర్నుంచి 7 ఏళ్ల సాఫ్ట్‌వేర్ సపోర్ట్ అంటున్నారు. రెండూ మంచివే. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొక ప్రశ్న మిగిలిపోతోంది: నాలుగో ఏడాదిలో కూడా ఆ ఫోన్ నీళ్లకి తట్టుకుంటుందా? నేను చూసిన ఏ బాక్స్ మీదా దీనికి జవాబు లేదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బ్యాటరీలాగే సీల్ కూడా అరిగిపోయే పార్టే. కంపెనీలు దాన్ని అలాగే చూడాలి, మనమూ అలాగే వాడాలి.

ఐపీ రేటింగ్ చెప్పేది ఎంత?

ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ టెస్టులు చేస్తారు. మొదటి అంకె 6 అంటే దుమ్ము లోపలికి పోదు. రెండో అంకె 7 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు. 8 అంటే అంతకంటే కఠినం. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్తుంది. అందుకే అదే ఐపీ68తో గెలాక్సీ ఎస్24 1.5 మీటర్లు అంటే, ఐఫోన్ 15 ఏకంగా 6 మీటర్లు అంటుంది. 9 అంటే దగ్గర్నుంచి కొట్టే హై ప్రెషర్ వేడినీళ్ల జెట్.

ఇవన్నీ ల్యాబ్‌లో, మామూలు మంచినీళ్లతో, కొత్త ఫోన్ మీద చేసినవి. వైజాగ్ బీచ్ ఉప్పునీళ్లు, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్, షాంపూ నురగ ఈ లెక్కలో లేవు. ఈ తేడాని యాడ్స్‌లో మింగేసినందుకు పెద్ద కంపెనీలకే జరిమానాలు పడ్డాయి. పూల్‌లో, సముద్రంలో ఫోన్ వాడుతున్నట్టు చూపించిన గెలాక్సీ యాడ్స్ మీద 2022లో ఆస్ట్రేలియా కోర్టు శాంసంగ్‌కి 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు వేసింది. 2020లో ఇటలీ ఆపిల్‌కి 1 కోటి యూరోలు వేసింది. వాటర్ రెసిస్టెన్స్ శాశ్వతం కాదని, వాడకంతో తగ్గుతుందని ఆపిల్ తన సపోర్ట్ పేజీలోనే రాసింది. అది చిన్న అక్షరాల్లో, యాడ్ మాత్రం పెద్ద స్క్రీన్ మీద!

సీల్ ఎందుకు చచ్చిపోతుంది?

ఇంట్లో కుక్కర్ గ్యాస్కెట్ గుర్తు తెచ్చుకోండి. కొత్తప్పుడు మెత్తగా సాగుతుంది. వాడగా వాడగా గట్టిపడి, వదులై, పక్కల నుంచి ఆవిరి కక్కుతుంది. అమ్మ దాన్ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి ఇంకో నాలుగు రోజులు నెట్టుకొస్తుంది, చివరికి కొత్తది తెప్పిస్తుంది. ఫ్యాక్టరీ పంపులో గ్యాస్కెట్‌కైనా, మీ ఫోన్ సిమ్ ట్రే చుట్టూ ఉన్న సన్నటి రబ్బరు రింగుకైనా ఇదే కథ. రబ్బరు సీల్ చేసే పని ఒక్కటే: నొక్కి పెడితే తిరిగి తోస్తూ ఉండటం. ఆ తోపు ఉన్నంతకాలమే నీళ్లు ఆగుతాయి. ఏళ్ల తరబడి నొక్కుడులో, వేడిలో ఉంటే అది అదే ఆకారంలో చప్పగా ఉండిపోతుంది. ఇంజినీర్లు దీన్ని కంప్రెషన్ సెట్ అంటారు.

చల్లదనం కూడా ఆ తోపుని చంపగలదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ పేలిపోయి ఏడుగురు చనిపోయింది ఇలాంటి ఒక రబ్బరు ఓ-రింగ్ వల్లే. ఆ ఉదయం చలికి రింగు బిగుసుకుపోయి, రాకెట్ జాయింట్‌లో సందుని టైమ్‌కి మూయలేకపోయింది. తర్వాత విచారణలో ఫిజిక్స్ నోబెల్ గ్రహీత రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కని క్లాంప్‌తో నొక్కి, ఐస్ నీళ్ల గ్లాసులో ముంచి, అది వెంటనే తిరిగి లేవట్లేదని అందరి ముందూ చూపించాడు.

ఫోన్‌లో రబ్బరు కంటే ఎక్కువ పని చేసేది జిగురు టేపు. డిస్‌ప్లే, బ్యాక్ గ్లాస్ రెండూ దానితోనే అంటుకుని ఉంటాయి. మండే ఎండలో బైక్ హ్యాండిల్ మీద మ్యాప్స్, చార్జింగ్ పెట్టి గేమింగ్, కారు డ్యాష్‌బోర్డు... ప్రతిసారీ ఆ టేపు మెత్తబడి మళ్లీ బిగుసుకుంటుంది. ఫోన్ కింద పడితే గ్లాస్ పగలకపోయినా ఫ్రేమ్ వెంట్రుకవాసి వంగొచ్చు, టేపు ఒక మూల విడిపోవచ్చు. సబ్బు నీళ్లకి తలతన్యత తక్కువ కాబట్టి, మామూలు నీళ్లు ఆగే స్పీకర్ మెష్ దగ్గర అవి ఆగకపోవచ్చు. సన్‌స్క్రీన్, పెర్ఫ్యూమ్ లాంటివి రబ్బర్ని, జిగురుని పాడు చేస్తాయి.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటి ఉంది. 50 డిగ్రీల వేడి మీదున్న ఫోన్‌ని 25 డిగ్రీల నీళ్లలో ముంచితే లోపలి గాలి చల్లబడుతుంది. బయటి గాలి లోపలికి వెళ్లే దారి లేకపోతే లోపలి ప్రెషర్ దాదాపు 8 శాతం పడిపోతుంది. అంటే ఫోన్ నీటి పైనే తేలుతున్నా, సీల్ మీద సుమారు 80 సెంటీమీటర్ల లోతులో ఉన్నంత ఒత్తిడి! బలహీనమైన మూల ఏదైనా ఉంటే నీళ్లని లోపలికి పీల్చుకోవడానికి అది చాలు. వేడెక్కిన ఫోన్‌ని కుళాయి కింద పెట్టి కూల్ చేసే వీడియోలు చూసి ట్రై చేయకండి, ప్లీజ్.

మీ ఫోన్ సీల్ చెక్ చేసుకోండిలా

పంపు లీకైతే మంచి మెకానిక్ పాత గ్యాస్కెట్‌ని పారేసే ముందు తిప్పి చూస్తాడు. చప్పగా అయితే నొక్కుడు, పగుళ్లుంటే వేడి లేదా వయసు, ఉబ్బితే కెమికల్, తెగితే బిగించడంలో తేడా. మనమూ నీళ్లలో ముంచి టెస్ట్ చేయడం మానేసి, ఇలా చూద్దాం:

1. సిమ్ ట్రే తీసి రబ్బరు రింగు చూడండి. చప్పగా, చిరిగి ఉంటే కొత్త ట్రే వేయించండి. వెంట్రుక, ఇసుక రేణువు ఉంటే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. ఒక్క వెంట్రుక కూడా నీళ్లకి దారే.
2. ఫోన్ అంచుల చుట్టూ గోరు పోనివ్వండి. బ్యాక్ ప్యానెల్ ఎక్కడైనా లేచినట్టు ఉంటే బ్యాటరీ ఉబ్బిందేమో చూపించాలి. చేత్తో నొక్కి అంటించకండి.
3. కెమెరా గ్లాస్ లోపల ఆవిరి పడుతోందంటే తేమ ఇప్పటికే లోపలికి చేరిందని అర్థం.
4. ఫోన్‌లో బారోమీటర్ ఉంటే సెన్సర్ యాప్ తెరిచి, డిస్‌ప్లే మధ్యలో మెల్లగా నొక్కండి. సీల్ బాగుంటే రీడింగ్ పైకి లేచి నిదానంగా దిగుతుంది. కొత్తప్పటి రీడింగ్ నోట్ చేసుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు. ఇది అంచనాయే, గ్యారంటీ కాదు.

తడిసిపోతే ఆఫ్ చేసి, పోర్ట్ కిందికి పెట్టి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టొద్దని ఆపిల్ కూడా చెప్తోంది. పోర్ట్ పూర్తిగా ఆరేదాకా చార్జర్ పెట్టొద్దు.

స్క్రీన్ లేదా బ్యాటరీ మార్పిస్తే షాపులో మూడు అడగండి: పాత జిగురు పూర్తిగా తీశారా? ఆ మోడల్‌కి కట్ చేసిన కొత్త టేపు వేశారా? ప్రెషర్ టెస్ట్ చేశారా? ట్యూబ్ జిగురు చేత్తో రాసి రబ్బరు బ్యాండ్లు వేసి ఇస్తే, ఆ ఫోన్‌కి ఐపీ68 లేనట్టే అనుకోండి.

కంపెనీలు ఏం చేయాలి?

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకి లేబుల్ వచ్చింది. బ్యాటరీ ఎన్ని సైకిల్స్ తట్టుకుంటుందో, ఎన్నిసార్లు కింద పడితే ఎలా ఉంటుందో అందులో గ్రేడుతో, అంకెతో ఉంటాయి. ఐపీ రేటింగ్ కూడా ఉంటుంది, కానీ అది కొత్త ఫోన్‌దే. బ్యాటరీ వయసు చెప్పగలిగినప్పుడు సీల్ వయసు ఎందుకు చెప్పలేరు? ఎన్నేళ్లకి సీల్ మార్పించాలో బాక్స్ మీద రాయండి. సీల్ మార్పు, ప్రెషర్ టెస్ట్ కలిపి ఫిక్స్‌డ్ రేటుకి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. ఐపీ68 చూపించి అమ్మిన ఫోన్‌కి కనీసం మొదటి ఏడాదైనా నీళ్ల డ్యామేజ్‌ని వారంటీలో కలపండి. మీ టేపు మీద మీకే ఏడాది నమ్మకం లేకపోతే, దాన్ని చూసి మేము డబ్బులు ఎందుకు పెట్టాలి?

అప్పటిదాకా నా రూల్ ఒక్కటే: ఐపీ68ని హెల్మెట్‌లా చూస్తాను. ఉంటే ధైర్యం, కానీ ఉంది కదా అని వెళ్లి గోడకి గుద్దుకోను.