మన ఏటి లెక్క ఎవరికి తెలియాలి?

 

మొన్న స్టడీ అవర్లో కరెంటు పోయింది. ఆరో తరగతి తమ్ముడొకడు, "అన్నా, మన ఏటి నీళ్ళతోనే కరెంటు తీస్తారంట గదా, మరి మనకెందుకు పోతుంది?" అనడిగాడు. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే అది నవ్వే ప్రశ్న కాదనిపించింది.

మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. ఆ ఏరే కిందికొచ్చి సీలేరు అవుతుంది. దిగువ సీలేరులో 460 మెగావాట్ల పవర్ హౌస్ ఉంది. ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు కూడా తలపెట్టారు. అంటే, కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడి పెట్టుకుంటారు. అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు.

నేను ప్రాజెక్టులు వద్దనను. బొగ్గు కాల్చకుండా కరెంటొస్తే మంచిదే. కానీ సిమెంటు, మిషన్లు ఉంటే చాలదు. పని తెలిసిన మనుషులు ప్రభుత్వం దగ్గర ఉండాల.

లావోస్ అనే చిన్న దేశం జలవిద్యుత్తు తీసి పక్క దేశాలకు అమ్ముతుంది. అక్కడ 2018 జూలై 23న, ఇంకా కడుతున్న ప్రాజెక్టులో ఒక కట్ట తెగింది. పదులమంది చనిపోయారు, వేలమందికి ఇళ్ళు పోయాయి. ఆ తర్వాతే ప్రభుత్వం కొత్త ప్రాజెక్టులు ఆపి, అన్ని డ్యాములూ తనిఖీ చేయమంది. ఆ తనిఖీ ముందే గట్టిగా జరగాల గదా! కట్టేది కంపెనీ అయినా, తప్పు పట్టగలిగే ఇంజనీరు ప్రభుత్వానికి ఉండాల.

మన దేశంలో చట్టాలకు తక్కువ లేదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. నష్టపోయిన ప్రతి కుటుంబానికీ పదేళ్ళపాటు నెలకు 100 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇవ్వాలని 2008 కేంద్ర జలవిద్యుత్ విధానంలో ఉంది. అయితే గ్రామసభలో మ్యాపు పరిచి, నీళ్ళు ఎందాకా వస్తాయో మన అవ్వకు కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో చెప్పే ఆఫీసరేడీ? ఏ కుటుంబం ఎటుపోయిందో పదేళ్ళు రిజిస్టరు రాసేదెవరు? అది రాయకపోతే ఆ 100 యూనిట్లు ఎవరికిస్తారు?

అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయిస్తే అది ఒప్పుకోవడం కాదని నా అభిప్రాయం.

అందుకే ప్రభుత్వం మన పిల్లలకే సర్వే పని, నీటి కొలతలు, డ్యాం తనిఖీ నేర్పించి ఉద్యోగాలివ్వాల. మనం కూడా లెక్కల పీరియడ్లో నిద్రపోకూడదు. రేపు గ్రామసభలో మ్యాపు చదవాల్సింది మనమే.

ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికలో జవాబు రాయండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి