గట్టు మీద పెరిగే ధర ఎవరిది?

రాజమండ్రిలో పార్కు ఎక్కడుందని అడిగితే కంబాల చెరువు పేరు చెప్పేవాళ్లుంటారు గానీ, ఉక్కపోత సాయంత్రాల్లో జనం వెళ్లేది గోదావరి గట్టుకే. అక్కడ టికెట్టు లేదు, గేటు లేదు, మన కాలి చెప్పుల ఖరీదు లెక్కగట్టేవాడు లేడు. తాడితోట బట్టల కొట్టు యజమానీ, ఆయన దగ్గర పనిచేసే గుమాస్తా ఒకే మెట్టు మీద కూర్చుని ముంతకింద పప్పు తినగలిగే చోటు ఊళ్లో మరొకటి లేదు. ఇప్పుడు ఆ గట్టుకీ, పక్కనున్న పాత వంతెనకీ మంచిరోజులొచ్చాయంటున్నారు. దాదాపు నూరేళ్లు రైళ్లను మోసి 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెనను పర్యాటక కేంద్రంగా మార్చడానికి, పుష్కర ఘాట్‌ను తీర్చిదిద్దడానికి రూ.94.44 కోట్ల ‘అఖండ గోదావరి’ ప్రాజెక్టుకు 2025 జూన్ 26న శంకుస్థాపన చేశారు. 2027లో పుష్కరాలు. వంతెనను తుక్కు కింద తూచి అమ్మేయకపోవడమే సంతోషించాల్సిన విషయం. అయితే ప్రజల డబ్బుతో గట్టు అందం పెరిగితే గట్టు వెంట స్థలాల ధరలూ, అద్దెలూ పెరుగుతాయి. ఆ పెరుగుదలలో ఇప్పటికే అక్కడ బతుకుతున్నవాళ్ల వాటా ఏమిటో పనులు పూర్తికాక ముందే కాగితం మీద పెట్టాలి. రిబ్బను కత్తిరించాక పెడదామంటే అప్పటికి కొత్త లీజులు, వాటి వెనక కోర్టు స్టేలు వచ్చి కూర్చుంటాయి.

పాత రైలు వంతెనను పార్కుగా మార్చినవాళ్లలో అందరికంటే పేరొచ్చింది న్యూయార్క్‌కి. మాన్‌హటన్ పడమటి అంచున 1934 నుంచి సరుకు రైళ్లు తిరిగిన ఎత్తైన లైను 1980లో మూతపడింది. దాన్ని కూల్చాల్సిందేనని స్థల యజమానులు పట్టుబడితే, ఇద్దరు స్థానికులు 1999లో సంఘం పెట్టి నిలబెట్టారు. 2005లో నగర ప్రభుత్వం చుట్టుపక్కల పెద్ద భవనాలు కట్టుకునేందుకు వీలుగా జోనింగ్ నిబంధనలు మార్చింది. 2009లో ‘హై లైన్’ తెరుచుకుంది. నడవడానికి పైసా తీసుకోరు. అయినా పక్క వీధుల్లో ప్రభుత్వ ఇళ్లలో ఉండే పేద కుటుంబాలు అటు పెద్దగా తొంగిచూడలేదు. గ్యారేజీలున్న చోట కోట్ల డాలర్ల ఫ్లాట్లు లేచాయి. ఆ సంఘం పెట్టినవాళ్లలో ఒకరైన రాబర్ట్ హామండ్, ఇరుగుపొరుగు విషయంలో విఫలమయ్యామని 2017లో బహిరంగంగానే ఒప్పుకున్నాడు. డిజైను ఎలా ఉండాలని వాళ్లను అడిగారు గానీ, వాళ్లకేం కావాలో ముందుగా అడగలేదన్నది ఆయన బాధ. అదీ మంచి ఉద్దేశంతో, లాభాపేక్ష లేకుండా పనిచేసినవాళ్ల చేతుల మీదుగా జరిగింది.

న్యూయార్క్‌తో మనకు పోలికేమిటని నవ్వేవాళ్లు అహ్మదాబాద్ వైపు చూడొచ్చు. సబర్మతి రివర్‌ఫ్రంట్ కోసం ఒడ్డున ఉన్న వేల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. చాలామందికి ఊరి చివర ఇళ్లిచ్చారు. కూలి పని మాత్రం ఊరి మధ్యే ఉండిపోయింది. అదే ఒడ్డున తరతరాలుగా సాగే ఆదివారం సంత కథ వేరు. అమ్ముకునేవాళ్లు సంఘంగా నిలబడి హైకోర్టుకు వెళ్లారు. 2014లో రివర్‌ఫ్రంట్‌లోనే వాళ్లకు అరుగులు కట్టి సంతను మళ్లీ తెరిచారు. నది అదే, పథకం అదే. సంతకు నక్షాలో చోటు దొరికింది, ఇళ్లు పోయినవాళ్లలో చాలామందికి దొరకలేదు. 2022లో అదే నది మీద కట్టిన అటల్ పాదచారుల వంతెనకు పెద్దవాళ్లకు అరగంటకు 30 రూపాయల టికెట్టు పెట్టారు. నలుగురు పెద్దవాళ్లు గాలి పీల్చుకుని రావాలంటే 120 రూపాయలన్నమాట. రేపు హేవలాక్ మీద ఇదే లెక్క మొదలైతే గుమాస్తా కుటుంబం కిందనే నిలబడి పైనున్న దీపాలు చూసుకోవాలి.

గట్టు మీద బతుకుతెరువు వెతుక్కునేవాళ్ల పక్షాన చట్టం లేకపోలేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తికాకుండా ఎవర్నీ లేపకూడదు. చోటు మార్చాలన్నా 30 రోజుల నోటీసివ్వాలి. ఎక్కడ ఎవరు అమ్ముకోవాలో తేల్చే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. యాభై ఏళ్లు దాటిన సహజ సంతలను కదపకుండా వారసత్వ సంతలుగా గుర్తించమని కూడా అందులో ఉంది. స్నానఘట్టాల దగ్గర కొబ్బరికాయలు, పూలు, దొన్నెల్లో దీపాలు అమ్మే ఆడవాళ్లు, క్షురకులు, పడవవాళ్లు, వలలు ఆరేసుకునే జాలర్లు ఈ లెక్కలోకి వస్తారా అన్నది మొదట తేలాలి. మన ఊళ్లలో మాత్రం ‘అభివృద్ధి’ అనగానే సిమెంటు కియోస్కులు కట్టి వేలంపాట పెట్టడం రివాజు. ఆ పాటలో నెగ్గేది ఆశీలు కట్టి బుట్ట దించుకునే మనిషి కాదు, నాలుగు ఊళ్లలో నాలుగు కియోస్కులు పాడుకునే కాంట్రాక్టరు. పనిలో పనిగా ఒక మ్యూజికల్ ఫౌంటెన్ కూడా వస్తుంది. అది లేనిదే ఏ ఊరూ బాగుపడినట్టు లెక్క కాదాయె.

నిర్వహణకు డబ్బెక్కడిదన్న ప్రశ్నను కొట్టిపారేయలేం. మూడు కిలోమీటర్లకు దగ్గరగా ఉన్న ఇనుప వంతెనకు రంగు వేయించడమే పెద్ద ఖర్చు. కానీ మూడు గదుల ఇల్లు కట్టుకునే మామూలు మనిషి దగ్గర బెటర్‌మెంట్ చార్జీ వసూలు చేయడం తెలిసిన పురపాలనకు, గట్టు అందం కోసమే హోటలు కట్టేవాడి దగ్గర ఇంకాస్త వసూలు చేయడం తెలియదా? ఏ పనీ చేయకుండానే విలువ పెరిగిన స్థలం మీద వేసే పన్ను, నడిచే మనిషి మీద వేసే టికెట్టు కంటే న్యాయమైనది. కొంత భాగం ప్రైవేటుకిచ్చి మిగిలింది కాపాడుకుందామనే వాదన కూడా కొత్తది కాదు. లక్నో అమీనాబాద్‌లో ఝండేవాలా పార్కు కింద దుకాణాలు, పైన పార్కు అని కట్టడం మొదలుపెడితే, 1999లో సుప్రీంకోర్టు దాన్ని కూలగొట్టి పార్కును పార్కుగా తిరిగివ్వమంది. ఇక భద్రత మాట. 2015 జూలై 14న పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. కాబట్టి గట్టు ఖాళీగా ఉండాలంటారు. పుష్కరాల పన్నెండు రోజులకు ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ రోజు ప్రాణాలు తీసింది పూలబుట్టలు కావు, ఒకే ఘాట్‌కి జనం పోగుపడటం. పన్నెండు రోజుల నిబంధనను తర్వాతి పన్నెండేళ్లకు సాగదీయడానికి అది ఆధారం కాదు.

ఇవన్నీ అడగాల్సిన చోటు నగరపాలక సంస్థ కౌన్సిలు. రాజమండ్రిలో 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో తీరింది. 2021 మార్చిలో రాష్ట్రంలో ఇతర నగరాలకు ఎన్నికలు జరిగినప్పుడు ఇక్కడ జరగలేదు. కార్పొరేటరు గుమ్మం తొక్కే అవకాశం పోయిన ఊళ్లో గట్టు భవిష్యత్తు ఫైళ్లలోనే తేలిపోయే ప్రమాదం ఎక్కువ. ఇందులో కొంత అధికారులు తలచుకుంటే రేపే చేయొచ్చు. గట్టు నక్షా, కియోస్కులెన్ని, వాటిలో ఇప్పటికే అక్కడ అమ్ముకునేవాళ్లకు పాట లేకుండా ఇచ్చేవెన్ని, వంతెన మీద నడకకు రుసుము ఉంటుందా ఉండదా అన్నవి తెలుగులో రాసి ప్రతి వార్డు సచివాలయం గోడకూ అంటించాలి. అభ్యంతరాలకు నెల రోజులివ్వాలి. వ్యాపారుల సర్వే జాబితాను దాని పక్కనే పెట్టాలి. ఆ నెల గడిచాకే పాటకు నోటిఫికేషన్ ఇవ్వాలి.