పక్క గదికి ఇంటర్నెట్ ఎందుకు?
విశాఖలోని రుషికొండ ఐటీ హిల్స్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో రెండు ల్యాప్‌టాప్‌లు మామూలైపోయాయి. అయినా పెళ్లి వీడియో హాల్లోంచి పడగ్గదికి చేరాలంటే ఎక్కడో ఉన్న సర్వర్‌కెక్కి దిగాల్సి వస్తోంది. ఈ అలవాటు పోవాలి. రౌటర్ పనిచేస్తుంటే చాలు, బయటి ఇంటర్నెట్ తెగినా ఇంట్లోని ల్యాప్‌టాప్‌లు వైఫై మీద ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోగలవు. విండోస్‌లో ‘నియర్‌బై షేరింగ్’ 2018 నుంచే ఉంది. యాపిల్‌కు ఎయిర్‌డ్రాప్ అంతకుముందే వచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకి, కరెంటూ ఫోన్లూ పోయి అల్లాడిన విశాఖ ఇది. ఇన్వర్టర్ మీద రౌటర్ నడిచే ఇంట్లో అలాంటి రోజున కూడా ముఖ్యమైన కాగితాలను రెండో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి భద్రపరచుకోవచ్చు. నెట్‌వర్క్‌లో షేర్ చేయాల్సింది ఒక్క ఫోల్డర్‌నే, డ్రైవ్ మొత్తాన్ని కాదు. షేరింగ్‌కు పాస్‌వర్డ్ రక్షణ మాత్రం తీసేయకండి.