అన్నీ ఉన్న ఓడలో కనబడనివి



మన సంఘములలోని పెద్దవారు విహారనౌక ఎక్కి సముద్రము మీద తిరిగి వచ్చుట ఇప్పుడు అంత వింత సంగతి కాదు. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. తల్లిదండ్రులు కొన్ని నెలలు వారితో ఉండి వద్దామని వెళ్లుచున్నారు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న కుమారుడు నాలుగు రోజులు సెలవు పెట్టి, గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కించి, మెక్సికో తీరము వరకు త్రిప్పి తీసుకొని వచ్చుచున్నాడు. మన దేశములోనే 2021 సెప్టెంబరులో ముంబై నుండి ఇట్టి ఓడ ఒకటి బయలుదేరింది. 2022 జూన్‌లో అది విశాఖపట్నము వచ్చి ఇక్కడి వారిని కూడా ఎక్కించుకొని పోయింది. మరుసటి సంవత్సరము విశాఖ రేవులో విహారనౌకల కొరకు ప్రత్యేకముగా ఒక టెర్మినల్ తెరిచారు.

వెళ్లి వచ్చినవారు మా యొద్ద కూర్చుండి కబుర్లు చెప్పుచుందురు. మేము గమనించినది ఏమనగా, మొదటి పది నిమిషములు ఓడ ఎంత పెద్దదో చెప్తారు. తరువాత కొంచెము గొంతు తగ్గించి, అక్కడ దొరకనివి ఒక్కొక్కటే చెప్పుట మొదలుపెడతారు. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ రెండవ భాగమును గూర్చియే. మొదటి భాగము ఓడ కంపెనీవారి రంగుల పుస్తకములో ఎలాగూ ఉన్నది.

ఓడ పెద్దదే, సందేహము లేదు. 2024 జనవరిలో మయామి రేవు నుండి మొదటి ప్రయాణము చేసిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అను ఓడకు 20 అంతస్తులు. గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది ప్రయాణికులు, వారికి సేవ చేయుటకు 2,350 మంది సిబ్బంది. మన వైపు రెండు మూడు గ్రామములను ఎత్తి నీళ్ల మీద పెట్టినట్లు అనుకొనండి. అయితే ఆ గ్రామములో మన వాటాకు వచ్చునది ఎంత? కిటికీ లేని లోపలి గది తీసుకొంటే సుమారు 150 నుండి 185 చదరపు అడుగులు. పదిహేను అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు. మంచము, బీరువా, అద్దము, స్నానపు గది, అన్నీ అందులోనే.

ఆ లోపలి గదిలో దీపము ఆర్పితే పగలూ రాత్రీ ఒక్కటే. ఒక పెద్దాయన మెలకువ వచ్చి, తెల్లవారింది గదా అని స్నానము చేసి, తెల్ల చొక్కా తొడుగుకొని కుర్చీలో కూర్చున్నారట. చూస్తే రాత్రి రెండు గంటలు. కోడి కూత లేదు, పాలవాని సైకిలు గంట లేదు, బావి గిలక చప్పుడు లేదు. ప్రొద్దు పొడిచినదని చెప్పుటకు మన ఇంటి చుట్టూ ఎన్ని ఉన్నవో మనము ఎన్నడూ లెక్కపెట్టలేదు. కావున తల్లిదండ్రులను తీసుకొని వెళ్లు పిల్లలకు మా మనవి: కొంచెము డబ్బు ఎక్కువైనా కిటికీ ఉన్న గది తీసుకొనండి. రేవుకు వెళ్లినపుడు ఫోను గడియారము అక్కడి వేళకు తానే మారిపోవచ్చును గాని ఓడ మారక తన వేళనే నడువవచ్చును. ఓడలో గోడ గడియారము చూచి నడుచుకొనుట క్షేమము.

ఇక సిగ్గుపడి చెప్పునది చెంబు సంగతి. పెద్దవారు ఇది పాస్టరు గారితో చెప్పవచ్చునా అని సందేహిస్తారు గాని, అందరూ చెప్పునది ఇదే. ఓడలోని మరుగుదొడ్డి మన ఇంటిలోనిది వంటిది కాదు. బొత్తాము నొక్కగానే పెద్ద చప్పుడుతో గాలి లాగివేయును. ఒక్కసారికి ఖర్చగు నీరు సుమారు ఒక లీటరు మాత్రమే. సముద్రపు నీటినే యంత్రములతో ఉప్పు తీసి మంచి నీరుగా చేసుకొను ఓడలో నీటికి అంత పొదుపు ఉండుట న్యాయమే. కాని ప్రక్కన కొళాయి ఉండదు, చెంబు ఉండదు, కాగితమే. స్నానమునకు బాల్చీ ఉండదు. గుడ్డ తెర వెనుక నిలువబడి పైనుండి పడు నీళ్లలో తడిసి రావలెను. ఓడ కొద్దిగా ఊగినపుడు మోకాళ్ల నొప్పులవారికి అది కష్టమే. ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పెట్టుకొని వెళ్లండి. ఎవరూ వద్దనరు. పన్నెండు వందల రూపాయల సూటు కొనుక్కొని, ముప్పది రూపాయల మగ్గు మరచిపోయినవారిని మేము ఎరుగుదుము.

అయితే కొన్నిటిని వద్దంటారు. కరెంటు కెటిల్, అన్నము వండు కుక్కరు, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు హీటరు, క్రొవ్వొత్తి, ఇవి ఓడ ఎక్కకముందే తీసి ప్రక్కన పెడతారు. “టీ కాచుకొనుటకు కూడా స్వాతంత్ర్యము లేదు” అని ఒక సహోదరి నొచ్చుకొన్నది. కారణము తెలిసిన తరువాత ఆమె మరేమీ అనలేదు. నేల మీద ఇల్లు అంటుకొంటే బయటకు పరుగెత్తవచ్చును. సముద్రము మధ్య ఎక్కడికి పరుగెత్తుదుము? 2006 మార్చిలో జమైకా దగ్గర ‘స్టార్ ప్రిన్సెస్’ అను ఓడలో ఒక బాల్కనీ దగ్గర నిప్పు రాజుకొని అనేకమైన గదులు పాడైనవి, ఒక ప్రయాణికుడు మరణించారు. ఆర్పకుండ పారవేసిన సిగరెట్టు ముక్క కావచ్చునని దర్యాప్తు చేసినవారు తేల్చారు. బాల్కనీలో తడి చీర ఆరవేయనీయకపోవుటకు కూడా ఇట్టి భయములే కారణము. స్నానపు గదిలో చిన్న త్రాడు ఉంటుంది, దాని మీద వేసుకొనవలసినదే.

ఆవకాయ సంగతి కూడా ముందే తెలిసికొనుట మంచిది. ఇంటిలో చేసిన ఆహారమును ఎక్కనీయమని కొన్ని పెద్ద కంపెనీలవారి నియమము. కంపెనీ ముద్రతో మూత తెరవని పొట్లమైతే సాధారణముగా అభ్యంతరము ఉండదు. అన్నము ఓడలో దొరకును. పెరుగు కూడా ఉండును గాని చిన్న చిన్న గిన్నెలలో, తరచుగా తియ్యగా. మొదటి రాత్రి భోజనము దగ్గరనే వడ్డించు పెద్దమనిషితో, మాకు భారతదేశపు కూర కావలెను, కారము కావలెను అని చెప్తే, అనేక ఓడలలో మరునాటి నుండి ఏదో ఒకటి చేసి పెడతారు. అడుగుటకు మొహమాటపడి నాలుగు రోజులు రొట్టె, అరటిపండు తిని వచ్చినవారు ఉన్నారు.

ఇవన్నీ వస్తువులు. వీటికి ఏదో ఒక మార్గమున్నది. మార్గము లేనిది మరియొకటి ఉన్నది. అదియే మమ్మును ఆలోచింపజేసినది.

మా సంఘములో ఒక విశ్వాసి ఉన్నది. అరువది దాటినది. పదునెనిమిదవ యేట కాపురమునకు వచ్చిన నాటి నుండి తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, గేదెకు గడ్డి వేసి, పొయ్యి రాజేసి, ఆ తరువాతనే నోట నీళ్లు పోసుకొనుట ఆమె అలవాటు. ఓడలో రెండవ రోజు ఉదయము ఆమె పక్క దులిపి, దుప్పటి మడతపెట్టి, చీపురు కొరకు వెదికినదట. గది శుభ్రము చేయు కుర్రవాడు వచ్చి కంగారుపడ్డాడు. తన పనిలో లోపమేమైనా వచ్చినదా అని పదే పదే అడిగాడు. ఆమె కుమారుడు, “అమ్మా, నీవు ఊరక కూర్చో, దానికే గదా ఇంత డబ్బు పెట్టినది” అన్నాడు. ఆమె మాతో అన్న మాట ఇది: “అయ్యగారూ, కాళ్లకు విశ్రాంతి దొరికింది గాని చేతులు ఊరుకోలేదు. ఎవరికీ ఒక గ్లాసు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు నాలుగు రోజులు.”

ఇంటి సుఖము అనగా మెత్తని పరుపు అని మనము అనుకొందుము. ఓడలోని పరుపు మన పరుపు కంటే మెత్తనిదే. కాని కూర వండినపుడు గిన్నెడు ప్రక్క ఇంటికి పంపుట, మనుమడు పడుకొన్న తరువాత దుప్పటి కప్పుట, వచ్చినవారిని “భోజనము చేసి వెళ్లండి” అనుట, ఇవి ఓడలో ఏ అంతస్తులోనూ దొరకవు. అక్కడ అందరూ అతిథులే. అతిథిగా ఉండుట రెండు రోజులు బాగుండును. మూడవ రోజున, ఎన్నడూ అతిథిగా ఉండని మనిషికి తాను ఎవరికీ అక్కరలేనట్లు తోచును. పిల్లలు దీనిని గమనించవలెను. అమ్మ ముఖము చిన్నబోయినదంటే ఆమెకు ఓడ నచ్చలేదని కోపపడనక్కరలేదు. మనుమరాలి జడ వేయు పని, మాత్రలు లెక్కపెట్టి అందరికీ ఇచ్చు పని, ఏదో ఒకటి ఆమె చేతిలో పెట్టండి.

ఆదివారము కూడా అట్టిదే. కొన్ని ఓడలలో ఉదయము ఒక గదిలో ప్రార్థన కొరకు కూడుకొందురు. మనవారు వెళ్లి కూర్చున్నారు, సంతోషించారు. అయినను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తీయకుండ, తబలా మ్రోగకుండ గడచిన ఆదివారము ఆదివారమువలె లేదు అని చెప్పినవారే ఎక్కువ.

మందుల మాట వచ్చినది గనుక ఒక సంగతి. ప్రయాణము అనుకొన్న దినమునే ముగియునని నమ్మకము లేదు. 2013 ఫిబ్రవరి 10న మెక్సికో సింధుశాఖలో ‘కార్నివాల్ ట్రయంఫ్’ ఓడ యంత్రముల గదిలో మంట లేచి కరెంటు పోయింది. 4,200 మందికి పైగా జనము. మరుగుదొడ్లు పనిచేయలేదు, గదులలో ఉక్క భరించలేక పరుపులు పైకి తెచ్చుకొని ఆకాశము క్రింద పడుకొన్నారు. 14వ తేదీ రాత్రికి గాని ఓడను లాగుకొని మొబైల్ రేవు చేర్చలేకపోయారు. 2020 ఫిబ్రవరిలో కరోనా కారణమున జపానులోని యోకొహామా రేవులో ‘డైమండ్ ప్రిన్సెస్’ను నిలిపివేసినపుడు అందులో 3,711 మంది ఉన్నారు. ప్రయాణికులను రెండు వారములు గదులలోనే ఉంచారు. కిటికీ లేని గదులవారిని వంతుల చొప్పున కొంతసేపు పైకి తెచ్చి గాలి పీల్చుకోనిచ్చారు. మందులు లేవని వ్రాసిన గుడ్డను ఒకరు బాల్కనీ నుండి వ్రేలాడదీశారు. బి.పి., షుగరు మాత్రలు ప్రయాణపు దినములకంటె రెండు వారములు ఎక్కువగా, చేతి సంచిలోనే ఉంచుకొనండని మేము అందుకే చెప్పుచున్నాము.

ఆ డైమండ్ ప్రిన్సెస్‌లో 138 మంది భారతీయులు ఉన్నారు. వారిలో ప్రయాణికులు ఆరుగురే. మిగిలిన 132 మంది పనివారు. గదులలో ఉన్నవారికి తలుపు తలుపుకు అన్నము అందించినది ఓడ సిబ్బందియే. తాము మాత్రము ఇద్దరేసి ఒక్కొక్క గదిలో ఉంటూ, ఒకే భోజనశాలలో తింటూ పనిచేశారు. వారిలో 119 మంది భారతీయులను 27వ తేదీన విమానములో ఢిల్లీకి తెచ్చారు. ఆ సంవత్సరమే లోకమంతట ఓడలలో పని ముగిసినను ఇల్లు చేరలేక చిక్కుకొన్న నావికులు సుమారు నాలుగు లక్షల మంది అని అంతర్జాతీయ సముద్రయాన సంస్థవారు చెప్పారు.

నాలుగు రోజులు చెంబు లేదని, టీ లేదని మనము నొచ్చుకొన్న ఓడలోనే, క్రింది అంతస్తులలో, ఆరు నుండి తొమ్మిది నెలలు ఉండువారు వీరు. వారమునకు ఏడు రోజులు పని. 24 గంటలలో కనీసము 10 గంటలు విశ్రాంతి ఇవ్వవలెనని అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందము చెప్పుచున్నది. ఆ విశ్రాంతిని రెండు ముక్కలుగా కూడా ఇవ్వవచ్చును. నావికులకు ఇంటివారితో మాటలాడుటకు ఇంటర్నెట్ కల్పించవలెనను సవరణ 2024 డిసెంబరు 23న గాని అమలులోనికి రాలేదు. అంతకుముందు అనేకులు రేవులో దిగి, నావికుల కొరకు నడుపు విడిదికి పరుగెత్తి ఇంటికి ఫోను చేసేవారు. 1856లో ఇంగ్లండులో ఆరంభమైన నావికుల మిషనువారు ముంబై, చెన్నై, కోల్‌కతా రేవులలో కూడా ఇట్టి పని చేసియున్నారు.

పైన చెప్పిన ఆ సహోదరి గది శుభ్రము చేసిన కుర్రవాడు కేరళవాడట. ఆమెకు మలయాళము రాదు, వానికి తెలుగు రాదు. మూడవ రోజున ఆమె కుమారుని ద్వారా, “తిన్నావా బాబూ” అని అడిగించినది. వాడు తిన్నానని చెప్పి, మీ ఊరిలో వాన పడిందా అని అడిగాడు. తమ ఊరిలో వాన చూచి ఏడు నెలలు అయినదట. ఆమె తన యొద్దనున్న గోంగూర పొట్లము ఒకటి వాని చేతిలో పెట్టినది. నాలుగు రోజులలో తాను ఇంకొకరికి పెట్టిన తిండి అదొక్కటే అని ఆమె చెప్పినపుడు ముఖము వెలిగినది.

మన సంఘములలో కూడా ఓడ వంటశాలలో, బట్టలు ఉతుకు విభాగములో పనిచేయు పిల్లలున్న ఇండ్లు ఉన్నవి. ఆ తల్లిదండ్రులకు ఒక మాట. ఓడ గడియారము మన గడియారము కాదు. మీకు ఉదయమైనపుడు అక్కడ అర్ధరాత్రి కావచ్చును. నడిసముద్రములో ఉన్నపుడు ఫోను కలియకపోవచ్చును. రెండు రోజులు ఫోను రాలేదని ఏడ్చి, వచ్చిన రోజున కోపపడి సమయము పోగొట్టుకొనవద్దు. డబ్బు సంగతి, అప్పు సంగతి మొదట ఎత్తకండి. గేదె ఈనినదని, చింతచెట్టు కాపు బాగున్నదని, చెరువులోనికి నీళ్లు వచ్చినవని చెప్పండి. ఆ పిల్లవాడు వినగోరునది అదే.