శూలయు, దాని భేదములును



“కడుపునొప్పి” యనునది మన యిండ్లలో నొక్క మాటయే గాని, దాని చాటున నుండు వ్యాధులు పెక్కులు. శూలముతో బొడిచినట్లుండుటచే దీనికి శూల యని పేరు. మాధవనిదానము దీనిని దోషములను బట్టి 8 విధములుగా విభజించినది. నేటి వైద్యులు నొప్పి పుట్టిన యవయవమును బట్టి విభజింతురు. ప్రేగు, పిత్తనాళము, మూత్రనాళము మొదలగునవి తమలోని యడ్డును ద్రోయుటకై ముడుచుకొనునపుడు శూల పుట్టును.

పిత్తాశయమున ఱాళ్లున్నవారికి, నేయి నూనెలు మెండుగా గల భోజనము పిదప, కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పి పుట్టి కుడిభుజము వఱకు బ్రాకును. మూత్రపిండపు ఱాయి కదలినచో నొప్పి నడుము ప్రక్కనుండి గజ్జలకు దిగును. రోగి యొకచోట నుండజాలక పొరలాడును. బొడ్డుకడ మొదలై కొన్ని గంటలకు గుడివైపు పొత్తికడుపునకు జేరు నొప్పి అపెండిసైటిసు కావచ్చును. అప్పుడు విరేచనపు మందు ఈయరాదు.

ఇక చంటిబిడ్డల శూల. చక్కగా బాలు త్రాగి బరువు పెరుగుచున్న బిడ్డయే సాయంకాలమగుసరికి గాళ్లు ముడుచుకొని గంటలకొలది యేడ్చును. ఇది సుమారు 6వ వారమున హెచ్చి, 3, 4 నెలలకు దనంతట శమించును. దిష్టియనియు, తల్లి తిన్న కూరయనియు బాలింతను నిందింపవలదు. బిడ్డను భుజముపై వేసికొని త్రేన్పు వచ్చువఱకు వీపు నిమురుడు. వసకొమ్మును, ఆముదమును బట్టింపకుడు. ఏడాది నిండని బిడ్డకు దేనె నాకించుట ప్రాణాపాయకరము కావచ్చును.

మా మఱదిగారి కుమారునకు 8వ నెలలో జరిగినది చెప్పెదను. వాడు పావుగంట కొకసారి కెవ్వున నేడ్చి, నడుమ వాడిపోయి పడియుండెను. “చంటిబిడ్డల శూలయే గదా” యని నేనే పెద్దఱికముతో జెప్పి యింగువ పట్టు వేయించితిని. మధ్యాహ్నమునకు బచ్చని వాంతియు, గుడ్డపై నెత్తురు గలిసిన జిగురును గానవచ్చెను. ప్రేగులోనికి ప్రేగు చొచ్చుకొన్నదనియు, ఆలసించినచో నది చచ్చిపోవుననియు వైద్యుడు చెప్పి, గుదమార్గమున గాలి నెక్కించి సరిచేసెను. బిడ్డ బ్రదికెను. నాలుగు నెలలు దాటిన పిదప గ్రొత్తగా వచ్చు నొప్పిని ఆ సామాన్యశూలగా నెంచరాదని నాకు దెలిసినది నాడే.

కావున బిడ్డలకు బచ్చని వాంతి, మలమున రక్తము, జ్వరము, ఉబ్బిన కడుపు, పాలు ముట్టకుండుట, సోలిపోవుట వీనిలో నేది కనబడినను వెంటనే యాసుపత్రికి గొనిపొండు. పెద్దలకు శూలతో జ్వరము వచ్చినను, కన్నులు పచ్చబడినను, మూత్రము నిలిచిపోయినను, గర్భవతికి నొప్పి వచ్చినను “తెల్లవాఱనిమ్ము” అనవలదు. ఇంటిల్లిపాది నొప్పులను గనిపెట్టు మనము, మన నొప్పిని వంటయింట దాచుకొనుటయు మేలు గాదు.