మన పట్టణోద్యానాలు – శీతకాలపు వేడుకలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం పట్టణాలలో నివసించే మనకు ఆరుబయట సుఖంగా కూర్చొనగలిగిన కాలం సంవత్సరంలో నాలుగు నెలలకు మించదు. కార్తీకం ప్రవేశించింది మొదలు శివరాత్రి వరకు గల ఆ కొద్ది వ్యవధిలోనే వనభోజనాలు, బాలల దినోత్సవాలు, ముగ్గుల పోటీలు, గణతంత్ర దినోత్సవం, కవి సమ్మేళనాలు, ముషాయిరాలు, ఎగ్జిబిషన్లు అన్నీ జరుగవలసి ఉన్నవి. తక్కిన ఎనిమిది నెలలలో అధిక భాగం ఎండలకే సరిపోతుంది. కనుక మన చిన్న పట్టణాలలోని పార్కులకు శీతకాలమే పంటకాలం. ఆ పంట ఎవరి ఇంటికి చేరుతున్నదన్నదే ఈ వ్యాసంలో నేను చర్చింపదలచిన విషయం.

గత శీతకాలంలో మా ఇంటికి సమీపాన గల ఒక పార్కును నెలకు పైగా ఒక ప్రదర్శనకు అద్దెకిచ్చారు. గేటు దగ్గర టికెట్ల గది వెలిసింది. ప్రతి ఉదయం అక్కడ నడచే వృద్ధులు లారీలు తిరిగే రోడ్డు మీద, అంచు వెంబడి ఒకరి వెనుక ఒకరుగా నడవసాగారు. సాయంత్రం పుస్తకాలతో వచ్చి కానుగ చెట్టు క్రింద కూర్చొనే ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ తరువాత మరి కనిపించలేదు. ప్రదర్శన ముగిసిన మరునాడు లోపలికి వెళ్ళి చూస్తే గుంజలు పాతిన గుంతలు, ట్రాక్టరు చక్రాల చాళ్ళు, పగిలిన గాజు, చెట్టు మొదట్లో పారబోసిన బజ్జీల నూనె! వచ్చిన అద్దె ఎంతో, అది ఏ ఖాతాలో జమ అయినదో నాకు తెలియదు. ఆ పార్కులో విరిగిన బల్ల మాత్రం నేటికీ విరిగే ఉన్నది.

ఇట్లా వ్రాసినంత మాత్రాన ఎగ్జిబిషన్ల పట్ల నాకు విముఖత ఉన్నదని పాఠకులు భావించరాదు. జెయింట్ వీల్ పైనుంచి మన ఊరి దీపాలను చూచిన బాల్యం నాకూ ఉన్నది. పెద్ద అప్పడం కొనిపెట్టమని ఏడ్చిన రోజూ ఉన్నది. సినిమా తప్ప వేరు వినోదం లేని కుటుంబాలకు, ముఖ్యంగా ఇల్లు కదలడానికి ఏదో ఒక నెపం కావలసిన స్త్రీలకు, ఆ నెల రోజుల సందడి తక్కువ సంగతి కాదు. కాని వేడుక తోటకు అతిథిగా రావాలి. ఇంటివారిని బయటకు పంపి తలుపు వేసుకొనే అతిథిని ఏ ఇల్లూ రెండవసారి పిలువదు. మన పట్టణాలు మాత్రం ప్రతి సంవత్సరమూ పిలుస్తున్నవి.

ఈ సందర్భంలో మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకు సుపరిచితమైన హైదరాబాదు నుమాయిష్ చరిత్రను ఒకసారి స్మరించడం అప్రస్తుతం కాదు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు రాష్ట్ర ఆర్థిక పరిస్థితుల పరిశీలనకు అవసరమైన నిధుల కొరకు, స్థానికంగా తయారయ్యే వస్తువులను ప్రజలకు చూపుతూ, ఈ ప్రదర్శనను ప్రారంభించారు. అది మొదట జరిగినది పబ్లిక్ గార్డెన్స్‌లోనే. ఆ తోటకు ఉర్దూ నామం బాగ్-ఏ-ఆమ్. (మా మిత్రుడొకడు చాలాకాలం దానిని మామిడితోట అనుకొన్నాడు. అక్కడ ‘ఆమ్’ అనగా సర్వజనులు.) ప్రదర్శన పెరిగింది, తోట చాలలేదు. 1946లో నుమాయిష్ నాంపల్లిలోని నేటి మైదానానికి తరలిపోయింది. జనవరి ఒకటవ తేదీ వచ్చిందంటే అక్కడ నేటికీ లక్షల జనం. సర్వజనుల తోట వాహ్యాళికి వచ్చేవారికి మిగిలింది. ప్రదర్శనపై వచ్చిన మిగులుతో ఎగ్జిబిషన్ సొసైటీ వారు సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం మొదలైన విద్యాసంస్థలను నడుపుతున్నారు. శీతకాలపు వినోదం మీద వచ్చిన రూపాయి ఆడపిల్లల చదువుకు చేరిన ఉదాహరణ మన కళ్ళెదుటనే ఉండగా, మన పట్టణాలలో ఆ రూపాయి కనీసం ఒక బల్లకైనా చేరకపోవడం శోచనీయం.

అదే నుమాయిష్‌లో 2019 జనవరి 30వ తేదీ రాత్రి అగ్నిప్రమాదం సంభవించి అనేక దుకాణాలు బూడిదైన విషయం కూడ మరువరాదు. అంత అనుభవం గల సంస్థకే అట్లా జరిగినప్పుడు, ఒక్క గేటు గల మన చిన్న పార్కులో గుడ్డ డేరాల మధ్య గ్యాస్ పొయ్యిలు వెలిగించడం ఎంత సాహసమో చెప్పనవసరం లేదు.

విజయవాడ అనుభవం మరొక విధమైనది. అక్కడ 1989 నుంచి ప్రతి జనవరిలో జరుగుతూ వచ్చిన పుస్తక మహోత్సవానికి స్వరాజ్ మైదానం దాదాపు సొంత ఇల్లు. ఆ స్థలంలో అంబేద్కర్ స్మృతివనం నిర్మాణమై, 2024 జనవరిలో మహావిగ్రహ ఆవిష్కరణ జరిగింది. ఆ మహనీయుని స్మారకం ఉండవలసిందే. పుస్తకాల పండుగ మాత్రం వేరు మైదానాలు వెదకుకొనవలసి వచ్చింది. పెద్ద నగరంలో అట్టి స్థలం మరొకటి దొరకవచ్చు. ఉన్న ఒక్క మైదానమూ పోతే గిద్దలూరు వంటి పట్టణం ఎక్కడికి పోతుంది?

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. హైదరాబాదు అభివృద్ధి ప్రణాళికలో ప్రజల విహారానికి కేటాయించిన భూమిలో జీవిత బీమా సంస్థ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్ళు కట్టబోగా, దామోదరరావు వేసిన రిట్ పిటిషనుపై 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిర్మాణాలు కూడవని తీర్పు చెప్పింది. పర్యావరణాన్ని కాపాడుకొనడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు పేర్కొన్నది. బెంగుళూరులో పార్కు స్థలాన్ని ఆసుపత్రికి ఇవ్వబోయిన వ్యవహారంలో 1991లో సుప్రీంకోర్టు చెప్పినదీ ఇంచుమించు ఇదే. ఆసుపత్రి మంచిదే, పార్కును తీసుకొని మాత్రం కాదు. మన రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం కొత్త కాలనీలలో పదవ వంతు స్థలాన్ని ఖాళీగా విడిచి స్థానిక సంస్థకు అప్పగించవలసి ఉన్నది. ఆ స్థలాల జాబితాను పురపాలక కార్యాలయపు గోడ మీద అంటించమని అడిగే విద్యార్థి ఒక్కడు మన పట్టణాలకు కావలె.

ఇక నిర్వహణ విషయం. మొట్టమొదట వ్రాతలో ఉండవలసినది తోట దినచర్య. ఉదయం సూర్యోదయానికి ముందు నుంచి ఎనిమిది గంటల వరకు ఏ వేడుక జరిగినా, ఏ డేరా లేచినా, నడిచేవారికి దారి మూయరాదు. సాయంత్రం ఒక భాగం పిల్లలకు, స్త్రీలకు ఎల్లప్పుడూ విడిచి ఉంచవలె. డిసెంబరులో మన వైపు ఆరు గంటలకే చీకటి పడుతుంది. కళాశాల నాలుగున్నరకు విడిచిన పిల్లకు ఇంటికి వెళ్ళి వచ్చేసరికి మిగిలే వెలుగు అరగంట. దీపం వెలగని పార్కు ఆమెకు మూసిన పార్కుతో సమానం. వీధిదీపానికి అయ్యే ఖర్చు గురించి సందేహించే పెద్దలు, ఆ దీపం లేనందువలన ఇంటనే ఉండిపోయేవారిని లెక్కించి చూచినారా? బురఖా ధరించిన మా విద్యార్థినులలో కొందరు, తాము పుట్టి పెరిగిన ఊరి పార్కులో ఒక్కసారి కూడ కూర్చొనలేదని నాతో అన్నప్పుడు నా వద్ద సమాధానం లేకపోయింది. శుభ్రమైన మరుగుదొడ్డి, తిన్నని దారి, మంచినీటి కొళాయి, నాలుగు దీపాలు. వారికి కావలసినవి ఇంతకంటె ఎక్కువ లేవు.

పచ్చిక విషయంలో మనవారి మోజు నాకు అర్థం కాదు. ఎకరం పచ్చికకు రోజుకు నాలుగు మిల్లీమీటర్ల తడి ఇచ్చినా పదహారు వేల లీటర్ల నీరు కావలె. అనగా అయిదువేల లీటర్ల ట్యాంకర్లు మూడుకు పైగా. తలకు 55 లీటర్ల లెక్కన అది దాదాపు మూడు వందల మంది దినసరి వాడకం! వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగినది మొదలు సొరంగాల ముచ్చట వింటూ పెరిగిన తరం మనది. ఫ్లోరైడు లేని నీటి కొరకు బిందెలు వరుస పెట్టిన వీధి ప్రక్కనే పచ్చిక తడపడం ఏమి న్యాయం? ఆ పచ్చిక మీదనే శీతకాలంలో వేల పాదాలు నడచి దానిని మట్టిపాలు చేయడం మరొక విచిత్రం. వేప, కానుగ, నేరేడు, చింత, ఉసిరి మన నేలకు తెలిసిన చెట్లు. మొదటి రెండు మూడేళ్ళు పోషిస్తే తరువాత తమ మానాన తాము బ్రతుకుతవి. ఉసిరి ఉంటే కార్తీక వనభోజనాలకు దూరం పోనక్కరలేదు. నడిచే దారులకు, వేదికకు, బల్లలకు సిమెంటు ఎందుకు? ఒకప్పుడు తెలుగుదేశపు పిల్లలకు ఓనమాలు దిద్దించిన మార్కాపురం పలకరాయి గనుల వద్ద గుట్టలుగా వృథాగా పడి ఉన్నది. నునుపు పట్టించని ఆ రాయితో ఒక మూల గట్టి అంగణం పరచి, డేరాలు, కుర్చీలు, జనం అక్కడికే పరిమితమని నిర్ణయిస్తే చెట్ల వేళ్ళు, మట్టి క్షేమంగా ఉంటవి. డిసెంబరు తుపాను వానలకు బురద బాధ కూడ తప్పుతుంది.

వేడుకల పట్టిక ముందుగా, దసరా నాటికే, తయారు కావడం అవసరం. ఎవరు ముందు పలుకుబడి చూపితే వారికి అనుమతి అనే పద్ధతి ఉన్నంతకాలం చిన్న సంఘాలకు, బీద పాఠశాలలకు వంతు రాదు. ఈ పట్టికను పంచాంగంతోబాటు హిజ్రీ కేలండరును కూడ ఎదుట ఉంచుకొని వేయవలె. చాంద్రమానపు రంజాన్ ఏటా సుమారు పదకొండు రోజులు వెనుకకు జరుగుతుంది. 2030వ సంవత్సరంలో అది జనవరి మొదటి వారంలో ఒకసారి, డిసెంబరు చివరి వారంలో మరొకసారి ప్రారంభమవుతుంది. అనగా రానున్న కొన్ని శీతకాలాలలో సంక్రాంతి ముగ్గులు, క్రిస్మస్ దీపాలు, ఇఫ్తార్ విందులు ఒకే నెలలో కలిసే అవకాశం ఉన్నది. ముందు చూపుతో వేళలు పంచుకొంటే అది మన పట్టణాలకు అదృష్టమే. చివరి నిమిషంలో మైకుల పోటీగా మారితే ఆ తప్పు పండుగలది కాదు.

మైకుల మాట వచ్చింది గనుక ఒక్క విషయం. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు నిషిద్ధం. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండ పండుగలకు మాత్రమే రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వగలదు. శీతకాలం ముగియబోయే రోజులు ఇంటర్మీడియట్ విద్యార్థులు పరీక్షలకు చదివే రోజులు. ఇది మా ఇంటి బాధ కూడ కనుక ఇక పొడిగించను.

ధనం సంగతి అన్నిటికంటె ముఖ్యం. అద్దె వద్దని పురపాలక సంఘానికి చెప్పడం సులభం. తోటమాలి జీతం ఎక్కడి నుంచి రావాలో కూడ చెప్పవలె గదా! కనుక నా సూచన ఇది. వ్యాపార ప్రదర్శనకు పూర్తి అద్దె, పాఠశాలకు, గ్రంథాలయ వారోత్సవానికి, ముషాయిరాకు నామమాత్రపు రుసుము నిర్ణయించవలె. ఎవరైనా సరే ముందుగా ధరావతు కట్టి, తోటను మునుపటి స్థితిలో అప్పగించిన తరువాతనే తిరిగి తీసుకొనవలె. వేడుకకు ముందొకసారి, తరువాత ఒకసారి తోటమాలి సమక్షంలో చూచి సంతకాలు చేయవలె. వచ్చిన సొమ్ము సాధారణ ఖాతాలో కలిసిపోకుండ ఆ పార్కు పేరనే ఉండి, జమాఖర్చులు గేటు దగ్గర బోర్డు మీద కనిపించవలె. వందమందికి మించిన సమావేశానికి మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలిపి, చెత్తను వేరు చేసి అప్పగించవలెనని 2016 నాటి ఘనవ్యర్థాల నియమావళి కూడ నిర్వాహకులను ఆదేశించింది. అది మన ఊళ్ళలో ఎంతమంది చదివారో!

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. సంక్రాంతి సెలవులలో పట్టణమంతా స్థలం కొరకు వెదకుచుండగా విద్యాసంస్థల మైదానాలు తాళం వేసి ఉంటున్నవి. మన మైదానం కూడ అందుకు మినహాయింపు కాదు. తగిన ధరావతుతో, మన షరతులతో, ఆ పది రోజులు ప్రదర్శనలకు మైదానాన్ని ఇస్తే పార్కు మీది భారం తగ్గుతుంది. వచ్చిన అద్దెతో బాలికల క్రీడాసామగ్రి కొనవచ్చును. మైదానం పాడవుతుందన్న భయం సహజమే. మన గేటు మనచేతిలోనే ఉన్నది గనుక షరతులు అమలు జరపడం మనకు పురపాలక సంఘానికంటె తేలిక. వచ్చే కమిటీ సమావేశంలో దీనిని ఒక అంశంగా చేర్చవలెనని కోరుతున్నాను.

విద్యార్థి సోదర సోదరీమణులు అంతవరకు వేచి ఉండనవసరం లేదు. మన జాతీయ సేవా పథకం వారు ఒక ఆదివారం ఉదయం ఆ పార్కుకు వెళ్ళి, తోటమాలిని వెంటబెట్టుకొని, వెలగని దీపాలను, విరిగిన బల్లలను, పూడ్చని గుంతలను లెక్కించి ఒక కాగితం మీద వ్రాసి కమీషనరు గారికి అందజేయవచ్చును. ఉదయం ఆరున్నరకు గేటు తీస్తారు.