నేర్చుకోవలసింది వడ్డీ లెక్క

హాస్టల్ పిల్లలకు పొదుపు గురించి చెప్పే పెద్దలందరూ ‘అప్పు చేసి పప్పుకూడు’ సామెతే ఎత్తుకుంటారు. మన ఇళ్లలో అప్పు పప్పుకూటికి చెయ్యరు. ఆసుపత్రికో, ఫీజుకో చేస్తారు. ఒక్క సబ్బుబిళ్లను నెలంతా వాడుకునే మనకు పొదుపు ఎవరూ నేర్పనక్కరలేదు. మనం నేర్చుకోవలసింది వడ్డీ లెక్క.

నేను పీజీలో చేరడానికి మా నాన్న పదివేలు అప్పు తెచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. ‘మూడే కదా’ అనుకున్నాను. ఆ మూడు నెలకు! అంటే నెలకు 300, ఏడాదికి 3,600. అక్షరాలా 36 శాతం. స్కాలర్‌షిప్పు వచ్చేసరికి ఏడాది దాటింది. టీ మాని, బస్సెక్కకుండా నడిచి నేను మిగిల్చిందంతా ఆ వడ్డీకి కూడా చాలలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతమే. రెండింటికీ పన్నెండు రెట్ల తేడా!

తమ్ముళ్లారా, అప్పిచ్చేది ఊళ్లో ఆసామి అయినా, ఫోన్‌లో యాప్ అయినా ముందు రెండు ప్రశ్నలు అడగండి. వడ్డీ నెలకా, ఏడాదికా? ఇచ్చేటప్పుడే ఎంత కోసుకుంటారు? కనీస నిల్వ అక్కరలేని బ్యాంకు ఖాతా తెరిచి, చేతికొచ్చిన దాంట్లో కొంత అందులోనే ఉంచండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. కాలేజీల్లో చేరే రోజుల్లో మన పిల్లలకు వడ్డీ లేని చేబదులు ఇచ్చే నిధి ఒకటి పెడదాం. వార్షికోత్సవం ఫ్లెక్సీల ఖర్చుతోనే మొదలుపెట్టవచ్చు. ఆనాడు ఆ పదివేలు ఇక్కడే దొరికి ఉంటే, మా నాన్న ఆ గుమ్మం ఎక్కేవాడు కాదు.